రోడ్డుకు అటు ఒక నీళ్లు, ఇటు ఒక నీళ్లు: పులికాట్ సరస్సు కేస్ స్టడీ

ఫిబ్రవరి చివరి వారం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గరలో ఒక తూము పక్కన బండి ఆపాం. చేతిలో రిఫ్రాక్టోమీటర్ ఉంది. జానెడు గొట్టం, దాని చివర వాలుగా ఒక గాజుపలక. పలక మీద రెండు చుక్కల నీళ్లు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి చూస్తే లోపల నీలం, తెలుపు కలిసేచోట గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె దగ్గర ఆగితే అదే ఉప్పదనం, అంటే కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో ఆ లెక్క. సముద్రపు నీళ్లయితే 35 దగ్గర ఆగుతుంది.

రోడ్డుకు దక్షిణం పక్క నీళ్లు చూశాను. గీత 35కి కాస్త కిందే ఆగింది. రోడ్డు దాటి ఉత్తరం పక్క నీళ్లు చూశాను. 35ను దాటి చాలా పైకి పోయింది. రెండింటికీ మధ్య ఉన్నది రోడ్డు వెడల్పే. పరికరం తప్పు చూపిస్తోందేమోనని సీసాలోని మంచినీళ్లతో కడిగి, సున్నాకు సరిచేసి మళ్లీ చూశాను. అదే తేడా.

అప్పటికి మేం పులికాట్ మీద పని మొదలుపెట్టి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో రోడ్డుకు ఉత్తరాన ఒక్క కొలకర్ర కూడా పాతలేదు.

మా పని చిన్నదే. మత్స్యకారుల ఊళ్లలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ మమ్మల్ని పిలిచింది. వేట పడిపోయిందని అందరూ అంటున్నారు, ఎందుకో తేల్చి, ప్రభుత్వాన్ని ఏమి అడగాలో రాసిపెట్టమంది. నేను చదివింది మత్స్యశాస్త్రం. నాతో పాటు ఇద్దరు కుర్రాళ్లు, ఒక అద్దె పడవ. మొదటి నివేదికలో ‘సరస్సులో ఆటుపోటు కదలిక బాగానే ఉంది’ అని రాశాను. తడ మండలం భీములవారిపాళెం రేవు దగ్గర, ఇరకం దీవి దగ్గర కొలకర్రలు పాతి, పొద్దున్నా సాయంత్రం నీటిమట్టం రాసుకుని, ఆ లెక్కల మీద వేసిన తీర్మానం అది. లెక్కలు తప్పు కాదు. కర్రలు పాతిన చోటే తప్పు.

ఆ తప్పు పట్టింది ఒక యానాది పెద్దావిడ. మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చున్నట్టే వంగి, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్యలు పడుతోంది. మెడకు తాటాకు బుట్ట. దొరికిన రొయ్యను చూడకుండానే బుట్టలో వేస్తోంది. మేం కర్ర మీద అంకెలు చదవడం చాలాసేపు చూసి అడిగింది:

“ఏంది సార్ రాసుకుంటుండారు?”

“నీళ్లు ఎంత ఎక్కుతున్నాయో, ఎంత దిగుతున్నాయో రాసుకుంటున్నాం అవ్వా.”

“ఈడ ఎక్కతాయి, దిగతాయి. దానికి కర్ర ఎందుకు? రోడ్డుకి ఆ పక్కన పోయి చూడండి. ఆడ ఎక్కేది లేదు, దిగేది లేదు. ఎండేదే.”

సిగ్గుగా అనిపించింది. పై వారమే అటకానితిప్పకు పోయాం.

సరస్సు ఒళ్లు ఎలా ఉంటుంది

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 60 కిలోమీటర్ల పొడవు. వెడల్పు కొన్నిచోట్ల పిల్లకాలువంత, కొన్నిచోట్ల 17 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. దక్షిణపు కొస తమిళనాడులో, డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో కోట కట్టుకున్న పళవేర్కాడు పట్నం దగ్గర. తూర్పున శ్రీహరికోట దీవి ఒక పొడుగాటి ఇసుక గోడలా సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా పడుకుని ఉంది. దక్షిణాన ఆరణి, పడమట కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి పాయల నీళ్లు ఇందులోకి వస్తాయి. బకింగ్‌హామ్ కాలువ కూడా దీని మీదుగానే పోతుంది.

లోతు విషయానికి వస్తే, దీన్ని సరస్సు అనడానికి నోరు రాదు. సగటున మీటరు చుట్టుపక్కల. చాలాచోట్ల పడవ దిగి, నెట్టుకుంటూ నడిచాం. ఎండాకాలం ఉత్తరపు భాగం చాలామటుకు ఆరిపోయి తెల్లటి ఉప్పు పర్రగా మారుతుంది. మనుషులు దాని మీద అడ్డదారిలో నడిచిపోతారు.

ఇలాంటి సరస్సును బతికించేవి రెండు నీళ్లు: ఏటి నుంచి వచ్చే తీపి నీళ్లు, సముద్రం నుంచి వచ్చే ఉప్పు నీళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు ఏర్లు పారి సరస్సును నింపుతాయి, బురదను తోసుకుంటూ ముఖద్వారాల గుండా సముద్రంలోకి పోతాయి. వాన తగ్గాక సముద్రం వంతు. పోటుకు ఉప్పునీళ్లు లోపలికి వస్తాయి, పాటుకు బయటికి పోతాయి.

ఆ నీళ్లతోపాటే చేపల బతుకూ. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. వడ్లగింజంత కూడా లేని పిల్ల పోటు నీళ్లతో సరస్సులోకి వస్తుంది. ఇక్కడి బురదలో, గడ్డిలో తిని పెరుగుతుంది. పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టడానికి సముద్రానికే పోతుంది. బొంతలు, పండుగొప్పలు, పీతలు, అన్నింటిదీ దాదాపు ఇదే రాకపోకల బతుకు. ముఖద్వారం మూసుకుంటే నీళ్లు ఆగడమే కాదు, విత్తనం ఆగిపోతుంది. ఊళ్లో పెద్దవాళ్లు దీన్ని ఒక్క ముక్కలో చెబుతారు: “నోరు మూస్తే కడుపు మాడతాది.”

నోరు ఎందుకు మూసుకుంటుంది

పులికాట్‌కు చెప్పుకోదగ్గ ముఖద్వారాలు మూడు. దక్షిణాన పళవేర్కాడు దగ్గర ఒకటి. ఉత్తరాన వాకాడు మండలంలో రాయదొరువు దగ్గర ఒకటి, కొండూరుపాళెం దగ్గర ఒకటి. ఉత్తరపు రెండూ ఏడాదిలో ఎక్కువ కాలం పూడిపోయే ఉంటాయి. అటకానితిప్ప దగ్గర ఉత్తరం పక్క నీళ్లు ఎందుకంత ఉప్పగా ఉన్నాయో అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలు. ఉత్తరపు నోళ్లు మూతపడ్డాయి. దక్షిణపు నోటి నుంచి వచ్చే పోటుకు రోడ్డు కట్ట అడ్డం. మధ్యలో చిక్కిన నీళ్లకు బయటికి దారి ఆకాశమే. ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది.

ముఖద్వారం దగ్గర ఎప్పుడూ ఒక పోటీ నడుస్తుంటుంది. తీరం వెంట అలలు ఇసుకను నడిపిస్తాయి. మన కోస్తాలో ఏడాది మొత్తం మీద ఆ ఇసుక నడక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ, ఈశాన్య రుతుపవనాల నెలల్లో మాత్రం తిరగబడుతుంది. ఆ ఇసుక నోటికి అడ్డంగా తిన్నె వేయాలని చూస్తుంది. రోజుకు రెండుసార్లు లోపలికి, బయటికి పారే పోటునీళ్లు ఆ తిన్నెను కోసెయ్యాలని చూస్తాయి. ఎటు బలం ఉంటే అటు గెలుపు. పోటునీటి బలం, పోటుకు ఎంత నీరు సరస్సులో చేరగలదనే దాన్ని బట్టి ఉంటుంది. మన తీరాన పోటుకూ పాటుకూ తేడా పౌర్ణమి, అమావాస్యలప్పుడు కూడా మీటరు చుట్టుపక్కలే. అంత కొద్ది తేడాతో బలం రావాలంటే నీళ్లు పరుచుకోవడానికి విశాలమైన చోటు కావాలి.

చోటు తగ్గించింది మనమే. పై నుంచి కొట్టుకొచ్చే మట్టి అడుగును పైకి తెచ్చింది. కట్టలు సరస్సును ముక్కలు చేశాయి. చోటు తగ్గితే వచ్చీపోయే నీళ్లు తగ్గుతాయి, నీళ్లు తగ్గితే ఇసుక గెలుస్తుంది. నోరు ఇరుకైతే లోపలి బురద బయటికి పోదు, అడుగు ఇంకా పైకి వస్తుంది. ఇలా ఒకదాన్ని ఒకటి లాక్కుంటూ పోతాయి. ఏటేటా నోటి దగ్గర ఇసుక ఎత్తిపోసేవాళ్లకు ఇది పట్టదు. టెండరులో ఇసుక లెక్కే ఉంటుంది, నీళ్ల లెక్క ఉండదు.

దక్షిణాన ఇంకో సంగతి ఉంది. పళవేర్కాడుకు దిగువన ఎన్నూరు, కాట్టుపల్లి ఓడరేవులు ఉన్నాయి. ఓడరేవుకు సముద్రంలోకి రాతిగోడ కడితే, ఉత్తరానికి నడిచే ఇసుక గోడకు దక్షిణాన పోగవుతుంది. ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. సముద్రం కోసుకుపోయే ఆ తీరం మీదే పళవేర్కాడు ముఖద్వారం ఉంది. అందుకే అది ఒకచోట నిలకడగా ఉండదు. చిన్న పడవలవాళ్లు ఇసుకమేటల మధ్య దారి వెతుక్కుంటూ సముద్రంలోకి పోవాలి. మేటకు తగిలి పడవ తిరగబడిందన్న కబురు ఆ ఊళ్లలో కొత్త కాదు.

ఇక నా కళ్లతో చూసిన ఒక పూడిక తీత. ఎక్కడో చెప్పను. ఎక్స్‌కవేటర్‌తో ఇసుక తీసి, తీసిన ఇసుకను కాలువ గట్టు మీదే, అదీ దక్షిణం గట్టు మీదే పోశారు. లారీ కిరాయి మిగిలిందన్నమాట. ఆ నెలల్లో ఇసుక నడక దక్షిణం నుంచే. పోసిన ఇసుకంతా మెల్లగా మళ్లీ కాలువలోకే జారింది. కొత్త అమావాస్య వచ్చేలోపు పిల్లలు ఆ కాలువకు అడ్డంగా క్రికెట్ ఆడుతున్నారు. ఆ పనిని ఫోటో తీసి ఫైలులో పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ‘పని పూర్తయింది’ అని.

దీనికంటే ఊళ్లవాళ్లు తెలివిగా చేస్తారు. పళవేర్కాడు వైపు మత్స్యకారులు ముఖద్వారం మూసుకున్నప్పుడు తమలో తాము చందాలు వేసుకుని, పారలతో, కొన్నిసార్లు యంత్రం కిరాయికి తెచ్చి, తెంపుకున్న సందర్భాలున్నాయి. వాళ్లు ఎప్పుడు తెంపుతారో చూడండి: సరస్సులో నీళ్లు నిండుగా, సముద్రం కంటే ఎత్తులో ఉన్నప్పుడు. చిన్న గండి కొడితే చాలు. లోపలి నీళ్లే తోసుకుంటూ పోయి గండిని వెడల్పు చేస్తాయి. ఎండాకాలంలో యంత్రాలు నెలంతా చేసేపనిని వరద నీళ్లు ఒక్క రాత్రిలో చేస్తాయి. మన బిల్లుల కాలెండరు మార్చికి ముగుస్తుంది కాబట్టి, పనులు కూడా నీళ్లు లేని నెలల్లోనే జరుగుతాయి.

రోడ్డు

శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నది 1969లో. 1971 అక్టోబరులో అక్కడ నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. దీవికి రోడ్డు కావాలి. సూళ్లూరుపేట నుంచి దాదాపు 18 కిలోమీటర్లు, అందులో ఎక్కువ దూరం సరస్సు మీదుగానే. కట్ట పోసి, అక్కడక్కడ తూములు పెట్టారు. అప్పట్లో సరస్సు నీళ్ల కదలిక ఎవరి లెక్కల్లోనూ లేదు. ఆ రోడ్డు వేసినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కాలంలో రోడ్డు వేసేటప్పుడు అలాంటి లెక్క వేసే అలవాటు తక్కువ. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రాకెట్ కేంద్రం కాపలా వల్లే దీవి మీది అడవి మిగిలింది. లేకపోతే ఈపాటికి రిసార్టులై ఉండేది.

కానీ తూము తూమే, వంతెన వంతెనే. తూములోంచి నీళ్లు పోతాయి, పోటు పోదు. పోటు అంటే గంటల్లో ఎక్కి, గంటల్లో దిగిపోయే నీళ్లు. ఇరుకు సందులోంచి అంత నీరు అంత వేగంగా పోలేదు. అటువైపు మట్టం కాస్త పెరిగేలోపే ఇటు పాటు మొదలవుతుంది. పైగా తూముల నోళ్లలో గుల్లలు, నాచు, ప్లాస్టిక్ సంచులు పేరుకుంటాయి. మేం చూసిన తూముల్లో కొన్నింటిలో అటు చివర వెలుతురు కనిపించలేదు.

రోడ్డుకు రెండు పక్కలా ఎదురెదురుగా కొలకర్రలు పాతాం. దక్షిణం కర్ర మీద రోజూ తడి గుర్తు పైకీ కిందికీ కదిలేది. ఉత్తరం కర్ర మీద ఒకటే గుర్తు. అది వారానికి కాస్త, వారానికి కాస్త కిందికే జారేది. ఎండిపోవడమే, పెద్దావిడ చెప్పినట్టు.

పోలిక కోసం చెబుతున్నాను. ఇంటికి ముందు గుమ్మం, వెనక గుమ్మం, మధ్యలో గోడ. వెనక గుమ్మం మూసేసి, ముందు గుమ్మం ఎంత వెడల్పు చేసినా వెనక గదికి గాలి రాదు. పులికాట్ మీద జరిగిన చర్చంతా ముందు గుమ్మం గురించే.

రొయ్యల చెరువులు, కోర్టు తీర్పు

1990ల మొదట్లో నెల్లూరు కోస్తా అంతా టైగర్ రొయ్యల పిచ్చి పట్టింది. పర్ర భూములు, వరి పొలాలు తవ్వి చెరువులు చేశారు. సరస్సు నుంచి, కాలువల నుంచి ఉప్పునీళ్లు తోడి నింపేవాళ్లు. మేత, మందులు, రొయ్యల పెంట కలిసిన నీళ్లు మళ్లీ అక్కడే వదిలేవాళ్లు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు ఊడ్చుకుపోయాయి. ఆ నీళ్లు కూడా అక్కడికే.

గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల పరిశ్రమ కూడదని, చిలికా, పులికాట్ సరస్సుల నుంచి 1,000 మీటర్ల లోపల చెరువులు ఉండకూడదని ఆదేశించింది. పులికాట్ చెంతనున్న నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా అందులో ఉంది. సాంప్రదాయ పద్ధతి చెరువులకు మినహాయింపు దొరికింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుంచి వనామి రొయ్య వచ్చాక చెరువుల లెక్కే మారిపోయింది.

ఈ తీర్పు గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది. 1,000 మీటర్లు అంటే ఎక్కడి నుంచి? వానాకాలపు గట్టు నుంచా, ఎండాకాలపు నీటి అంచు నుంచా? ఈ సరస్సు అంచు ఏడాదిలో కిలోమీటర్ల కొద్దీ జరుగుతుంది. కాగితం మీద గీత ఒకచోటే ఉంటుంది. మేం మాట్లాడిన చెరువు రైతుల్లో ఎవరికీ తాము గీతకు లోపలున్నారో బయటున్నారో ఖాయంగా తెలియదు. ఒకాయన నవ్వి, “సార్, ఫిబ్రవరిలో బయట, డిసెంబరులో లోపల” అన్నాడు.

చెరువుల నీళ్లు ఒక్కటే కాదు, మన పాపాలు చాలా ఉన్నాయి. సున్నం బట్టీల కోసం అడుగున ఉన్న గుల్ల తవ్వుకుపోయారు. ఏర్లు ఎండిపోయేదాకా పైన నీళ్లు తోడుకుంటున్నారు. ఈగ కూడా తప్పించుకోలేనంత సన్నకన్ను వలలు వచ్చాయి. ఇవన్నీ నిజమే. కానీ వల కన్ను గురించి అధికారి మత్స్యకారుడికి ఉపన్యాసం ఇస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. విత్తనం లోపలికి రావడం ఆగిపోయాక, వచ్చిన నాలుగు పిల్లలనూ పట్టుకోక తప్పని మనిషి అతను.

రాజహంసలు ఎక్కువైతే సరస్సు బాగున్నట్టేనా

జనవరి ప్రాంతంలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతుంది, మధ్యలో కొన్నేళ్లు జరగలేదు. 2001లో మొదలైంది. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి, మేతకు పులికాట్‌కు వస్తాయి. రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, మాత్రం సరస్సులోనే వేలల్లో దిగుతాయి. పేపర్లో ‘ఈ ఏడు పక్షులు పెరిగాయి’ అని వస్తే అందరికీ సంతోషం.

నేను పక్షుల మనిషిని కాదు, చేపల మనిషిని. అందుకే నా లెక్క తిరగేసి చెబుతాను. రాజహంస తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి, బురద నీటిని జల్లెడ పట్టి తింటుంది. దానికి పల్చటి నీళ్లు కావాలి. చిక్కటి ఉప్పునీళ్లలో కూడా ఉండే సన్నని పురుగులు, నాచు కావాలి. అంటే సరస్సు ఎండిపోయే దారిలో ఉన్నప్పుడు ఒక దశ దాకా రాజహంసకు పండగే. అదే నీళ్లలో బొంత పిల్ల బతకదు. గూడబాతుకు చేపలు కావాలి కాబట్టి దానికీ కష్టమే. ఒక పక్షి పెరిగితే సరస్సు బాగుపడినట్టు కాదు, ఏ పక్షి పెరిగిందన్నదే చూడాలి.

ఇక్కడే నిర్వహణలో అసలు చిక్కు. ఉత్తరపు నోళ్లు తెరిచి, రోడ్డు కింద వంతెనలు పెడితే చేప వస్తుంది, రాజహంసల మేత చోట్లు కొన్ని మునుగుతాయి. ఏదీ చేయకపోతే ఇవాళ రాజహంస ఉంటుంది, పూర్తిగా ఎండిన రోజు అదీ ఉండదు. ఒక సమావేశంలో నేను ఈ మాట అంటే, పక్షుల వైపు వచ్చిన ఒకాయన నన్ను కాంట్రాక్టర్ల మనిషినని అనుమానించాడు. ఊళ్లవాళ్లేమో పక్షులవాళ్ల మనిషినని అనుమానించారు. భోజనానికి ఇద్దరూ నా పక్కన కూర్చోలేదు.

నా అభిప్రాయం: ఉత్తరపు భాగాన్ని మొత్తం లోతు చేయనక్కర్లేదు. పోటు చేరాలంతే. అంచుల పల్లపు నేలలు ఎప్పుడూ పల్చగానే ఉంటాయి, అక్కడ రాజహంసకు చోటు మిగులుతుంది.

చిలికా ఏం చేసింది

మన వాళ్లెవరూ చేయనిది ఒడిశా చేసింది కాబట్టి చెప్పుకోవాలి. పులికాట్ కంటే రెండింతలకు పైగా పెద్దదైన చిలికా, 1981లో దేశంలో మొదటి రామ్‌సర్ స్థలాల్లో (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలల్లో) ఒకటి. 1993 నాటికి దెబ్బతిన్న స్థలాల పట్టిక మాంట్రో రికార్డులోకి ఎక్కింది. పూడిక, గుర్రపుడెక్క, మూసుకుపోయే నోరు, రొయ్యల ఘేరీలు, అంటే సరస్సులోనే కట్టలు, వలలు కట్టి చేసిన దొడ్లు. 1990ల మొదట్లోనే ఒడిశా ప్రభుత్వం చిలికా కోసమే ఒక అథారిటీ పెట్టింది. పుణెలోని జలపరిశోధన కేంద్రంలో నమూనాల మీద నీటి కదలిక లెక్క వేయించారు. పాత నోటిని తవ్వుతూ కూర్చోకుండా, ఎక్కడ తెరిస్తే పోటు లోపలిదాకా చేరుతుందో చూసి, 2000 సెప్టెంబరు 23న కొత్త నోరు తెరిచారు. బయటికి పోయే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. తేదీ గమనించండి: వరద కాలంలో తెరిచారు.

1999-2000లో 1,750 టన్నులకు దగ్గరగా ఉన్న చేపల రాబడి 2001-02లో 12,000 టన్నులకు దగ్గరైంది. 2002లో ఆ పట్టికలోంచి బయటికి వచ్చింది, రామ్‌సర్ అవార్డు కూడా వచ్చింది. ఇసుక ఊరుకోలేదు. 2008లో సముద్రమే ఇంకో నోరు తెరిచింది, 2019లో ఫణి తుఫాను మరికొన్ని తెరిచింది. అందుకే అక్కడ కొలతలు ఆపలేదు. మనం నేర్చుకోవలసింది కొత్త నోరు తవ్వడం కాదు, ఆ ఆపకపోవడం.

కానీ చిలికాను దేవుడి గుడిలా చూపించడం నాకు ఇష్టం ఉండదు. నీటి లెక్క బాగుపడినా మనుషుల లెక్క తేలలేదు. ఘేరీల గొడవలో 1999లో సొరాన గ్రామంలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. నోరు తెరిచాక పెరిగిన రాబడి ఎవరి పడవలోకి పోయిందన్న తగువు అక్కడ ఇంకా ఉంది. ఒడిశా తీరంలో మన తెలుగు మత్స్యకారులు, నోలియాలు కూడా ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే అవార్డు సంగతి ఎవరూ ఎత్తరు.

పులికాట్‌కు ఆ అవకాశం కూడా రాకపోవడానికి ఒక కారణం, సరస్సు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోవడం. దక్షిణపు నోరు తమిళనాడు చేతిలో, ఉత్తరపు నోళ్లు మన చేతిలో. ఎవరి నోరు వాళ్లు చూసుకుంటారు. నీళ్లకు సరిహద్దు తెలియదు కానీ వలకు తెలుసు. గీత దాటారని రెండువైపుల మత్స్యకారులు కొట్టుకున్న సందర్భాలు ఎన్నో. పళవేర్కాడు చుట్టుపక్కల ఊళ్లలో ‘పాడు’ అనే పద్ధతి ఉంది. ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో చీటీలు వేసి, వంతులు పంచుకుంటారు. వంతు ఎవరిదో వాళ్లే అక్కడ వేటాడాలి. అది కులం గీసిన హద్దుల్లో నడిచే పద్ధతి, యానాదులకు అందులో చోటు లేదు, దాన్ని పొగడను. కానీ చోటు పంచుకోవడం, వంతు ఆగడం ఇక్కడివాళ్లకు కొత్త కాదని మాత్రం అది చెబుతుంది.

మేం రాసిచ్చింది

రెండో నివేదిక మొదటిదానిలో మూడోవంతు కూడా లేదు. రోడ్డుకు రెండు పక్కలా, మూడు నోళ్ల దగ్గరా శాశ్వత కొలకర్రలు పెట్టి, ఆ లెక్కలు రెండు రాష్ట్రాలకూ ఒకే పుస్తకంలో కనిపించేలా చేయమన్నాం. అన్నింటికంటే ముందు రాసింది అదే. ఖర్చు లేని పని కాబట్టి ఎవరికీ ఆసక్తి కలగలేదు. తర్వాత రోడ్డు. తూములు శుభ్రం చేయడం వెంటనే, కట్టను పాత పాయలు దాటేచోట తెంచి వంతెనలు కట్టడం మెల్లగా. ఆ పాయలు ఎక్కడున్నాయో పటంలో వెతకనక్కర్లేదు. ఇరకం, వేనాడు దీవుల పెద్దవాళ్లు పడవ కొయ్యతో తడిమి చూపిస్తారు. ఉత్తరపు నోళ్లు తెరిచే పని అక్టోబరు వరదకు ముందే సిద్ధంగా ఉండాలి. తీసిన ఇసుక ఉత్తరం వైపు, నోటికి దూరంగా పోయాలి. రోడ్డు తెరవకుండా నోరు ఒక్కటే తెరిస్తే డబ్బు సముద్రంలో పోసినట్టేనని పెద్ద అక్షరాలతో రాశాం.

ఈ వరసే ఎందుకని అడిగారు. సగటు అధికారికి నోరు తవ్వడం ముందు వస్తుంది, ఎందుకంటే యంత్రం కనిపిస్తుంది, రిబ్బను కత్తిరించవచ్చు. తూములోంచి నాచు తీస్తే ఎవరు వస్తారు?

తూముల శుభ్రం మాత్రం జరిగింది, మాకు చెప్పకుండానే. ఒక పంచాయతీ కుర్రాళ్లు రెండు తూములు తోడారు. అందులో ఒకదాంట్లోంచి ఒక మోటార్‌సైకిల్ టైరు, మూడు పాత వలలు, గోతం నిండా పచ్చి గుల్ల వచ్చాయి. తర్వాతి పౌర్ణమికి ఆ తూము దగ్గర ఉత్తరం కర్ర మీద తడి గుర్తు కాస్త పైకి జరిగింది. రెండు వేళ్ల మందం. నేను దాన్ని పది సార్లు చూసుంటాను. తూము నోటి దగ్గర చీమలంత రొయ్య పిల్లలు గుంపుగా తిరుగుతున్నాయని పెద్దావిడ కోడలు వచ్చి చెప్పింది. గుంపు తూము దాటి ఎంతదూరం పోయిందో చూడడానికి మా దగ్గర సన్నవల లేదు. ఆవిడ తన చీర కొంగు ముంచి చూపించింది. ఆరు దొరికాయి.

ఏప్రిల్‌లో ఆ పక్క నీళ్లు మళ్లీ ఇంకిపోయాయి. రెండు తూములతో సరస్సు నిండదు. కర్ర అలాగే ఉప్పు పర్రలో నిలబడి ఉంది, దాని మీద ఒక కాకి వాలేది. అయినా రాయడం ఆపొద్దని కుర్రాళ్లకు చెప్పాను. మే, జూన్ నెలల పుస్తకం తిరగేస్తే ఉత్తరం పక్క గళ్లో వరుసగా సున్నాలే. జూలై 3న మాత్రం సున్నా పక్కన పెన్సిల్‌తో ‘తడి’ అని రాసి ఉంది. ఆ రోజు వాన లేదు. అది అమావాస్య అవునో కాదో ఇంకా చూసుకోవాలి.